చప్పుడు ఆగిన బండి

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. నా పిల్లల సుఖం కోసం నేను అన్న మాట వల్ల ఇంకొకరి పిల్లకి దెబ్బ తగలడం. మిగతా భయాలు చాలానే ఉన్నాయి. జ్వరం, గ్యాసు పొయ్యి, గడియ పడని తలుపు. వాటితో రోజూ కాపురం చేస్తున్నాను, అలవాటైపోయింది. ఇది అలవాటు కాలేదు.

ఆ బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకి ఆస్పత్రి వరండాలో డ్రైవర్ బాబాయి భార్య నా పక్కన బెంచీ మీద కూర్చుంది. సోమవారం సాయంత్రం నాలుగూ అయిదుకి బాబాయి నడిపే స్కూలు వ్యాను నీళ్ళ ట్యాంకు మలుపులో కుడి పక్కకి పడిపోయింది. అప్పటికి మిగతా పిల్లలందర్నీ దింపేశాడు. చివరి స్టాపు కళ్ళజోడు పాప ఒక్కతే మిగిలింది. ఆ పాప చెయ్యి రెండు చోట్ల విరిగింది. బాబాయికి పక్కటెముకలు, దవడ. దవడకి తీగలేసి బిగించారు. ఆయన మాట్లాడలేడు కాబట్టి ఆయన గురించి అందరూ మాట్లాడేస్తున్నారు. అతివేగం అని.

బీమా కంపెనీ సర్వేయరు సాయంత్రం అయిదింటికి రిపోర్టు ఇవ్వాలి. అందులో కూడా అదే మాట పడిందంటే, గురువారం పొద్దున బాబాయి మంచం పక్కన పోలీసు కుర్చీ వేసుకుంటాడు. లైసెన్సు పోతుంది. ముప్ఫై ఏళ్ళుగా పిల్లల్ని దింపిన మనిషి పిల్లని పడేసినవాడిగా మిగిలిపోతాడు.

బాబాయి భార్య వచ్చి అడిగితే నన్ను పంపింది మా పెద్దాయన. పోలీసు ఉద్యోగం నుంచి రిటైరయ్యి చిన్న విచారణ ఆఫీసు పెట్టుకున్నారు. అందులో ఉన్నది ఆయనా, నేనూ. ఆయనకి మోకాళ్ళు లేవు, నాకు చదువు లేదు, ఇద్దరం కలిస్తే ఒక పూర్తి డిటెక్టివు అని ఆయన జోకు. బండ్ల కేసులు నాకే ఇస్తారు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న నడుము దెబ్బతింది. బడి మానేసి ఆయన షెడ్డులో స్పానర్లు అందించడం మొదలుపెట్టాను. ఏడాది తిరక్కుండా బండి కిందికి నేనే దూరేదాన్ని, ఆయన స్టూలు మీద కూర్చుని చెప్పేవారు. నాన్నది ఒకటే పని, సస్పెన్షన్. బండి కింద ఉండే స్ప్రింగులు, కడ్డీలు, కీళ్ళు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా పాప కూడా ఆ వ్యానులోనే వెళ్తుంది. సోమవారం జ్వరమని పంపలేదు. రోజూ అది కూర్చునే కిటికీ సీట్లో ఆ రోజు కళ్ళజోడు పాప కూర్చుంది.

"పిన్నీ, బాబాయి ఎంత స్పీడులో నడుపుతాడు?"

"సైకిళ్ళు దాటిపోతాయమ్మా ఆయన్ని. పెళ్ళైన కొత్తలో సినిమాకి తీసుకెళ్ళేవాడు. ఒక్క సినిమాకీ మొదలు తెలీదు నాకు."

"సోమవారం ఏదైనా తొందర ఉందా?"

"నాలుగున్నరకి నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. ఆయన నాలుగున్నర అంటే అయిదున్నర. నేను చీర కూడా మార్చుకోలేదు."

"ఆపరేషనుకి ముందు ఏమైనా చెప్పాడా?"

ఆమె సంచిలోంచి మందుల చీటీ తీసి వెనక్కి తిప్పింది. వంకర టింకర అక్షరాలు. *బండి నా మాట వినలేదు.*

"రేపటిదాకా మత్తులోనే ఉంచుతారట. ఇదొక్కటే రాశాడు."

నేను ఆ చీటీని రెండుసార్లు చదివాను. బ్రేకు పడలేదు అనలేదు. స్టీరింగు పట్టేసింది అనలేదు. మాట వినలేదట. ఈ మాట ఇంతకుముందు ఎక్కడో విన్నాను, నాన్న షెడ్డులో, ఎవరో కస్టమరు నోట.

"ఈ మధ్య బండికేమైనా పని చేయించాడా?"

పిన్ని నా మొహంలోకి చూసింది. ఆ చూపు కొంచెం ఎక్కువసేపే ఉంది.

"గతుకుల్లో టకటకమనేది కదా, ఆ చప్పుడు ఆపించాడు. పన్నెండు రోజులైంది."

"ఎవరైనా అడిగారా, ఆపించమని?"

"పదిమంది ఎక్కే బండి. ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు కదమ్మా."

నిజమే. పది ఇళ్ళ ముందు ఆగే బండి. ఎవరైనా అని ఉండొచ్చు. అలా అనుకుని లేచాను. అలా అనుకోవడం ఎంత సులువో!

మెట్లు దిగుతూ ఇంటికి ఫోను చేశాను.

"అత్తయ్యా, పాపకి జ్వరం ఎంత ఉంది?"

"ఇందాక ఎంతుందో అంతే ఉంది."

"ఇందాక ఎప్పుడు చూశారు? థర్మామీటరు పూర్తిగా పెట్టారా? చంటివాడు పాలు తాగాడా? ఎన్నింటికి?"

"నీ డిటెక్టివు పని బయట చేసుకోవే తల్లీ. నన్ను వదిలెయ్, నేను నేరం ఒప్పుకుంటున్నా" అని పెట్టేసింది.

పదింటికి పెట్రోలు బంకు. వాళ్ళ కెమెరాలో వ్యాను కనిపించింది నాలుగూ మూడు నిమిషాల యాభై సెకన్లకి. అదే రోడ్డు మీద మలుపుకి ముందు టైర్ల షాపు ఉంది. అక్కడి కెమెరాలో నాలుగూ నాలుగు నిమిషాల ముప్ఫై సెకన్లకి. రెండు కెమెరాల్లో టైము సరిగ్గా ఉందో లేదో నా ఫోను పక్కన పెట్టి సరిచూశాను. మధ్య దూరం టేపుతో కొలిచాను. నాలుగువందల నలభై మీటర్లు. నలభై సెకన్లు. సెకనుకి పదకొండు మీటర్లు. గంటకి నలభై కిలోమీటర్లు కూడా లేదు. లెక్క తప్పానేమోనని రోడ్డు పక్కన నిలబడి వేళ్ళ మీద మళ్ళీ వేశాను, అదే వచ్చింది.

పదకొండింటికి, పోలీసులు పట్టుకున్న బండ్లు పెట్టే ఆవరణ. వ్యానుని నిలబెట్టి ఉంచారు. కుడి పక్క డొక్కంతా లోపలికి పోయింది, ఎడమ పక్క మీద గీత కూడా లేదు. కిటికీ దగ్గర మా పాప అంటించిన సీతాకోకచిలుక స్టిక్కరు అలాగే ఉంది. ఆ సీటు వైపు ఇంక చూడలేదు.

సర్వేయరు నాకన్నా ముందే వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో ట్యాబు.

"ఇక్కడికి ఫ్యామిలీస్ రాకూడదమ్మా."

"ఫ్యామిలీ కాదండీ, విచారణ." పెద్దాయన ఇచ్చిన కాగితం చూపించాను.

ఆయన దాన్ని పైనుంచి కిందికి చదివి, నన్ను కూడా అలాగే చదివాడు. "ఏం చదువుకున్నారు?"

"ఎనిమిది. అదీ సగం."

"నేను ఆటోమొబైల్ ఇంజనీర్ని."

"మంచిదండీ. అయితే మీరే ముందు పడుకోండి."

"ఏంటి?"

"బండి కింద. చూడాలి కదా."

ఆయన తన చొక్కా వంక చూసుకున్నాడు. "ఫొటోలు తీశాం, సైకిలు అడ్డమొచ్చిందన్న సాక్షి మాటా రాసుకున్నాం. చాలు. రోడ్డు మీద బ్రేకు మరకలున్నాయి, ఇరవై మీటర్లు. డెబ్బై పైన ఉంటే తప్ప ఆ బండి అలా తిరగబడదు. కేసు అయిపోయింది."

"ఆ మరకల ఫొటో ఒకసారి చూపించండి."

చూపించాడు. చూసి అడిగాను, "ఎన్ని గీతలున్నాయండీ?"

"రెండు."

"రెండూ కుడి చక్రాలవే. బ్రేకు తొక్కితే నాలుగు చక్రాలూ రాయాలి కదా. ఎడమ చక్రాలు ఎందుకు రాయలేదు?"

ఆయన ట్యాబు దగ్గరికి లాక్కున్నాడు.

"అప్పటికే అవి గాల్లో ఉన్నాయి. ఇది బ్రేకు మరక కాదండీ, బండి ఒరిగిపోతూ కుడి టైరు అంచు రాసుకున్న మరక. చూడండి, వంపు తిరిగింది. నా దగ్గర రెండు కెమెరాల టైములున్నాయి. నలభై దాటలేదు."

"నలభైలో వ్యాను పడుతుందా? మీరే చెప్పండి."

"పడకూడదు. అందుకే కిందికి వెళ్తున్నా."

అట్టపెట్టె ఒకటి చింపి పరుచుకుని, తలకి చున్నీ చుట్టుకుని, టార్చి పట్టుకుని దూరాను. ఆ వాసన తగలగానే నాన్న స్టూలు మీద కూర్చుని ఉన్నట్టే అనిపించింది. గ్రీజు, ఎండిన మట్టి, ఇనుము.

ముందు చక్రాల మధ్య అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. స్టెబిలైజర్ బార్ అంటారు, యాంటీ రోల్ బార్ అని కూడా. రెండు చివర్లా జానెడు పొడవున్న లింకులు ఆ కడ్డీని రెండు చక్రాలకీ కలుపుతాయి. బండి మలుపు తిరిగేటప్పుడు ఒక పక్కకి ఒరుగుతుంది కదా, అప్పుడా కడ్డీ తడిబట్ట పిండినట్టు మెలితిరిగి, లేచిపోతున్న పక్కని కిందికి లాగి పట్టుకుంటుంది. తిన్నగా పోతున్నంతసేపూ దానికి పనే లేదు. మలుపులోనే దాని ఉద్యోగం.

కుడి పక్క లింకు ఉంది. ఎడమ పక్క లేదు.

లింకు బిగించే చిల్లులో వేలు పెట్టాను. మట్టి గట్టిగా పేరుకుపోయి ఉంది. వేలాడాల్సిన కడ్డీ చివరని ఎవరో పైకెత్తి, కట్టుతీగతో పక్కనున్న ఇనపపట్టీకి కట్టేశారు. ఇనుమూ ఇనుమూ తగిలి చప్పుడు రాకుండా మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క చుట్టారు. చాలా శ్రద్ధగా, మూడు చుట్లు. పసిపిల్లకి గుడ్డ చుట్టినట్టుంది.

కిందనుంచే అరిచాను. "ఎడమ లింకు లేదండీ!"

"యాక్సిడెంటులో ఊడిపోయి ఉంటుంది."

"బండి పడింది కుడి పక్కకి. నేలకి తగలనే తగలని పక్కది ఎలా ఊడుతుంది? ఊడినా, ఊడిన చోట రెండు రోజుల్లో ఇంత మట్టి గట్టిపడదు. పైగా యాక్సిడెంటు తీగ కట్టి, ట్యూబు చుట్టి వెళ్ళదు కదండీ."

తెల్ల చొక్కా మోకాళ్ళ మీద వంగింది, ఒక చెయ్యి నేల మీద ఆనింది, చివరికి మొహం కనిపించింది. చూశాడు. ఫొటో తీసుకున్నాడు.

"సరే లేదు. లేకపోతే ఏమైంది? ఇంకో పక్కది ఉందిగా. ఇలాంటి బండ్లు వందలు తిరుగుతున్నాయి."

"ఒక్క చేత్తో తడిబట్ట పిండగలరా మీరు?"

ఆయన నేల మీద ఆనించిన తన చేతి వంక చూసుకున్నాడు.

"రెండో చివర ఎవరూ పట్టుకోకపోతే కడ్డీ ఊరికే తిరుగుతుంది. ఒకటి తీసేస్తే రెండూ తీసేసినట్టే. స్టెప్నీ టైరు కూడా పైన కారియర్ మీద ఉంది, పిల్లల కాళ్ళకి చోటు కావాలని. పైన బరువు. ఎడమ మలుపు. సైకిలు అడ్డమొచ్చిందని మీ సాక్షే చెప్పాడు. బాబాయి కుడికి తప్పించాడు, మళ్ళీ ఎడమకి తిప్పాడు. మలుపు అంచున పైపు కోసం తవ్వి పూడ్చిన మెత్తటి మట్టి ఉంది, పొద్దున చూశాను. కుడి చక్రం అందులో దిగబడింది. బండి ఊగింది, ఊగినదాన్ని ఆపేది లేదు."

"యాంటీ రోల్ బార్ అంటే ఏంటో నాకు మీరు చెప్పక్కర్లేదు."

"తెలిసినవారు మరి ఇందాక దాని మాటే ఎత్తలేదేం?"

ఆయన మొహం ఎర్రబడింది. లేచి చొక్కా దులుపుకున్నాడు, మరక పోలేదు. "అయితే డ్రైవరే తీయించి ఉంటాడు. అప్పుడు అతివేగం కాదు, నిర్లక్ష్యం. సెక్షను మారుతుంది, మనిషి మారడు. అది కట్టినవాణ్ణి అయిదింటిలోపు నా ముందు నిలబెట్టండి. అప్పుడు చూద్దాం."

"మీరే రండి నాతో. అలా ట్యూబు చుట్టేవాడు నాకు తెలిసి ఒక్కడే."

ఆ మెకానిక్కు పేరు ఎవరికీ గుర్తుండదు. చప్పుళ్ళ మేస్త్రి అంటారు. ఏ బండిలో ఏ చప్పుడున్నా కళ్ళు మూసుకుని విని, ఎక్కడ్నించో చెప్పేస్తాడు. నాన్న ఆయన గురించి అనేవారు, "చెవులు బంగారం, చేతులు బంగారం. బండి నడిపి చూసే ట్రయలు మాత్రం వీధి చివరిదాకానే."

బయల్దేరేముందు ఆవరణవాళ్ళ సంతకాలకే గంటన్నర పోయింది. షెడ్డు చేరేసరికి రెండూ ఇరవై. మేస్త్రి ఒక స్కూటరు ఇంజను మీద స్క్రూడ్రైవరు ఆనించి, దాని పిడికి చెవి పెట్టి వింటున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యెత్తి ఆగమన్నాడు. విన్నాక లేచాడు.

"నువ్వు స్ప్రింగుల మేస్త్రి కూతురివి కదూ! ఇంత ఉండేదానివి, మీ నాన్న అడిగిన స్పానరు తప్ప అన్నీ అందించేదానివి."

"అవును మామయ్యా. సోమవారం పడిపోయిన స్కూలు వ్యాను మీరు చూశారా?"

ఆయన నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళలోంచి మాత్రం పోయింది. "ఆ వ్యానా పడింది?"

"ఎడమ ముందు లింకు మీరే తీశారు."

ఆయన స్టూలు కోసం వెనక్కి తడుముకున్నాడు. నేనే జరిపాను.

"లింకు లోపలి బాలు, అదే ఇనపగుండు, అరిగిపోయింది తల్లీ. అందుకే ఆ టకటక. కొత్తది దొరకలేదు, వారం పడుతుందన్నారు షాపువాళ్ళు. ఆయనకేమో మర్నాడు పొద్దుటికల్లా చప్పుడుండకూడదట. తీసేశా. కడ్డీ ఊగి చప్పుడు చెయ్యకుండా కట్టేశా. ట్రయలు కూడా కొట్టా. ఎంత నిశ్శబ్దంగా పోయిందో..."

"ఎక్కడిదాకా ట్రయలు?"

ఆయన షెడ్డు ముందున్న వీధి వంక చూశాడు. మేమూ చూశాం. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నటి వీధి. ఆ చివరా ఈ చివరా ఒక్క మలుపు లేదు.

"ముప్ఫై అయిదేళ్ళు" అన్నాడు. "ముప్ఫై అయిదేళ్ళు ఇదే వీధిలో కొట్టా."

సర్వేయరు ముందుకొచ్చాడు. "లింకు తీసేసినట్టు డ్రైవరుకి తెలుసా?"

"తెలీదు బాబూ. చప్పుడు ఆపమన్నాడు, ఆపా. తీసేశానంటే పిల్లల బండి కదా, భయపడతాడు. కొత్తది రాగానే పిలిచి బిగించేద్దామనుకున్నా."

"వచ్చిందా?" అని అడిగాను.

ఆయన అలమారా వైపు చూపించాడు. అక్కడ రెండు చిన్న అట్టపెట్టెలు. ఒకదాని మీద బాబాయి ఫోన్ నంబరు పెన్సిలుతో రాసి ఉంది.

"శనివారం వచ్చింది. ఆదివారం ఆయన పడుకుంటాడు కదా అని... సోమవారం సాయంత్రం ట్రిప్పు అయ్యాక పిలుద్దామనుకున్నా."

స్కూటరు ఇంజను చల్లారుతూ టిక్కుటిక్కుమంది.

ఇక అడగాల్సిన ప్రశ్న ఒకటే మిగిలింది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి దాన్ని పక్కన పెడుతూ వచ్చాను. సర్వేయరు అడిగేస్తాడేమో, నేను అడగక్కర్లేకుండా పోతుందేమో అని కూడా చూశాను. ఆయన ట్యాబులో రాసుకుంటున్నాడు.

"ఆయనకి ఎందుకంత తొందర, మామయ్యా? మర్నాటికల్లా?"

"ఎవరింట్లోనో చంటివాడున్నాడట. ఏడున్నరకి ఈయన బండి వాళ్ళ గేటు ముందు స్పీడ్ బ్రేకరు ఎక్కేసరికి ఆ టకటకకి లేచిపోతున్నాడట. 'తల్లి చేతులు జోడించి అడిగింది మేస్త్రీ, రాత్రంతా నిద్ర లేదట పాపం ఆ పిల్లకి, మొహం పీక్కుపోయింది, రేపు మళ్ళీ చప్పుడుతో వెళ్ళి ఆ మొహం చూడలేను' అన్నాడు."

చేతులు జోడించింది నేనే.

ఒక చేతిలో మా పాప టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో దాని బూట్లు, ఆ రెంటితోనే చేతులు జోడించాను. "బాబాయ్, మీకు పుణ్యముంటుంది, ఆ టకటక ఆపించండి. వీడు లేస్తే నా రోజు అయిపోయినట్టే" అన్నాను. ఆయన నవ్వి "రేపటికల్లా ఆగిపోతుందమ్మా" అన్నాడు. మర్నాడు ఆగిపోయింది. వాడు తొమ్మిదిదాకా పడుకున్నాడు. ఆ రోజు నేను వేడివేడిగా కాఫీ తాగాను, చల్లారకుండా, చాలా నెలల తరవాత.

నాకు ఆ చప్పుడేమిటో తెలుసు. అది ఎక్కువ బాధగా ఉంది. వేరేవాళ్ళకి టకటక, నాకు మాత్రం అరిగిన లింకు. నాన్న షెడ్డులో వందసార్లు విన్నాను. అది ఒక్క రాత్రిలో ఆగిందంటే కొత్తది వేసి ఉండాలి, లేదా తీసేసి ఉండాలి. "ఎలా ఆగింది బాబాయ్?" అని ఒక్కమాట అడిగితే సరిపోయేది. అప్పట్నించి బడి ఉన్న ప్రతి రోజూ రెండుసార్లు మా గేటు ముందు ఆగాడు. ఒక్కసారీ అడగలేదు. నిద్ర చాలదు కదా, అన్నీ మర్చిపోతున్నాను అని నాకు నేను చెప్పుకుంటాను. మర్చిపోలేదు. చప్పుడు లేకపోవడం నాకు బాగుంది, అంతే.

"ఆ ఇల్లు ఎక్కడో కనుక్కోవాలి" అన్నాడు సర్వేయరు తలెత్తకుండా. "ఆమె స్టేట్‌మెంటు కావాలి."

"రాసుకోండి. ఆ ఇల్లు మాదే."

ఆయన వేలు ట్యాబు మీద ఆగిపోయింది. "మీకు ఎప్పట్నించి తెలుసు?"

"పొద్దున తొమ్మిదిన్నరకి అనుమానం వచ్చింది. ఇప్పుడు రూఢి అయింది."

"అయితే మీరీ కేసు చూడకూడదు."

"తప్పుకుంటాను. ముందు నా సాక్ష్యం రాసుకోండి. బాబాయి తనంతట తను ఏదీ తీయించలేదని చెప్పడానికి ఇద్దరమే ఉన్నాం, ఈ మేస్త్రీ నేనూ. ఆయన ఒక్కడే చెప్తే తన తప్పు తను కప్పుకుంటున్నాడంటారు. నేను కూడా చెప్తే నమ్ముతారు. నాకేం లాభం లేదు కదా ఇందులో."

ఆయన కాసేపు నన్నే చూశాడు. నేను ఏడుస్తానని అనుకున్నాడేమో, జేబులోంచి రుమాలు సగం తీసి మళ్ళీ పెట్టేసుకున్నాడు. తరవాత ఒక్కొక్కటే అడిగాడు. వయసు, చిరునామా, ఏ తారీకున ఏ మాట అన్నాను. "చదువు?" అనే గడి దగ్గర ఆగి, ఈసారి గొంతు తగ్గించి అడిగాడు.

"ఎనిమిది. సగం."

"ఎనిమిది అని రాస్తున్నా" అన్నాడు.

మేస్త్రి సంతకం పెట్టాడు. దాని కింద నేను పెట్టాను. అతివేగం అన్న మాట కొట్టేయడం నా కళ్ళతో చూశాను. అప్పుడు పిన్నికి ఫోను చేశాను.

"పిన్నీ, బాబాయి తప్పేం లేదని రాశారు. ఇంకో మాట చెప్పాలి. ఆ చప్పుడు ఆపించమన్నది..."

"తెలుసమ్మా."

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"ఆయన ఆ రోజే చెప్పాడు, నీ మాట. పొద్దున చెప్తే నువ్వు కుంగిపోయి లేచి వెళ్ళిపోతావేమోనని ఊరుకున్నా. నువ్వు తప్ప ఆ బండి కిందికి దూరేవాళ్ళు మాకెవరున్నారు?" వెంటనే అడిగింది, "పాపకి జ్వరం తగ్గిందా?"

నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఫోను పెట్టేసి మొహం తుడుచుకుంటుంటే గోడ మీద మేకు కనిపించింది. మేస్త్రి బండ్లలోంచి తీసేసిన పాత సామాను అక్కడ తగిలిస్తాడు. లింకు ఒకటి వేలాడుతోంది. దాని వెనక ఇంకొకటి. అదే కొలత, అదే రకం బండిది. అప్పుడు గుర్తొచ్చింది, అలమారాలో అట్టపెట్టెలు కూడా రెండు. రెండోదాని మీద ఏ నంబరూ లేదు.

"మామయ్యా, ఈ రెండోది ఎవరిది?"

మేస్త్రి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. గుర్తు చేసుకోవడానికి కళ్ళు మూసుకున్నాడు, ఏదో చప్పుడు వింటున్నట్టు.

"తొమ్మిది రోజులైంది. తెల్ల వ్యాను. ముసలాయన, ఈ ప్రాంతానికి కొత్త. వెనక సీట్లలో పిల్లలు పాటలు పాడుతున్నారు. ముందు సీట్లో ఆయన మనవరాలు, రెండు జడలు. 'టకటకమంటే మా పిల్ల బండి విరిగిపోతుందని ఏడుస్తోందయ్యా' అన్నాడు. ఎడమది తీసి కట్టేశా. ఫోన్ నంబరు అడిగితే నాకు ఫోనే లేదు, ఇటు వచ్చినప్పుడు కనిపిస్తాలే అన్నాడు." కళ్ళు తెరిచాడు. "మళ్ళీ రాలేదు."

గోడ గడియారంలో మూడూ పది. స్కూళ్ళు వదిలేది మూడూ నలభైకి.

సర్వేయరు అప్పటికే కారు తాళాలు తీశాడు. మేస్త్రి నంబరు లేని పెట్టె పట్టుకుని వెనక సీట్లో ఎక్కాడు. మేం ముగ్గురం ఆ సాయంత్రం మూడు స్కూళ్ళ గేట్ల ముందు నిలబడ్డాం. తెల్ల వ్యాన్లు పదకొండు వచ్చాయి. పదకొండింటి కిందా పడుకుని చూశాను. ఆరోదాని దగ్గరికొచ్చేసరికి సర్వేయరు కూడా నా పక్కనే పడుకున్నాడు, అదే తెల్ల చొక్కాతో. ఏ ఒక్కదానికీ తీగ లేదు. మర్నాడూ వెతికాం, ఆ మర్నాడూ వెతికాం. ఇది రాస్తున్న రోజుకి కూడా ఆ ముసలాయన మాకు దొరకలేదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ వీధిలోకి తెల్ల వ్యాను ఒకటి వస్తుంటుందేమో చూడండి. మొన్నమొన్నటిదాకా గతుకుల్లో టకటకలాడి, ఉన్నట్టుండి నిశ్శబ్దంగా పోవడం మొదలుపెట్టిన బండి. పెద్దవాడు నడుపుతుంటాడు. దయచేసి ఆపండి. ఎడమ ముందు చక్రం వెనక వంగి చూడండి, కడ్డీ చివర సైకిల్ ట్యూబు చుట్టి ఉంటుంది. ఆయన మీద కోప్పడకండి, ఆయనకి తెలీదు. పిల్లల్ని నెమ్మదిగా దింపండి. ముందు సీట్లో రెండు జడల పాప ఉంటుంది. ఆ పాప బాగుందో లేదో ఒక్కసారి చూడండి.